లుసాకా చూడని లుసాకా మేనేజరు

కెనడాలోని సార్నియా ఊళ్లో బస్సు కోసం నిలబడ్డ ఒకడికి, బస్సు వచ్చేలోపు గడ్డం పెరిగి, మంచుకు గడ్డకట్టి, విరిగి కింద పడితే ఏరుకుని జేబులో వేసుకుని ఎక్కాడు. నమ్మకపోతే మీ ఖర్మ. ఆ గడ్డం జనగామ మల్లికార్జున్‌ది.

మనవాళ్లు విమానాలకు విమానాలు దిగిపోయిన రోజులవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎంతమంది ఉండేవారంటే, ఒకడు పక్కకు దొర్లాలన్నా మిగతావాళ్లు మీటింగ్ పెట్టుకోవలసిందే. అలాంటి బేస్‌మెంట్‌లో మల్లికార్జున్ బిజినెస్ డిప్లొమా ముగించి, కాఫీ షాపులో డోనట్లు సర్దుతూ బతుకుతున్నాడు. వర్క్ పర్మిట్ మార్చి ఆఖరుకు అయిపోతుంది. ఈలోగా చదువుకు తగ్గ ఉద్యోగం దొరికితే ఉంటాడు. లేకపోతే సూట్‌కేసు సర్దుకోవడమే.

ఆ ఫిబ్రవరిలో ఊళ్లో కనోలా నూనె, సబ్బులు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఆఫ్రికాలో, జాంబియా రాజధాని లుసాకాలో సరుకు అమ్మడానికి మనిషి కావాలంది. రూమ్మేట్ ప్రజ్వల్ వెంటనే లాప్‌టాప్ తెరిచాడు. ప్రజ్వల్ రెజ్యూమె ముట్టుకుంటే బంట్రోతు కూడా డైరెక్టరై లేచేవాడు.

"లుసాకాల మూడేండ్లు సేల్స్ మేనేజర్ అని పెడుతున్న రా."

"నేను విమానం ఎక్కిందే ఇక్కడికి రానీకె కదరా!"

"నువ్వు ఎక్కకుంటే ఏంది? హైదరాబాద్ల కన్సల్టెన్సీ అన్న ఉన్నడు. స్టాంపేసి మరీ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇస్తడు."

"మరి మా కిరాణం కొట్టు? చిన్నప్పటిసంది అండ్లనే కూసున్న."

ప్రజ్వల్ మంచం మీద పడి నవ్వాడు. "చింతపండు పొట్లాలు కట్టినోనికి కెనడాల జాబిస్తరారా? తీసెయ్, ఇజ్జత్ పోతది."

మల్లికార్జున్ తీసేశాడు. కొట్టున్న చోట లుసాకా వచ్చి కూర్చుంది. వెనకే స్టాంపుతో లెటరూ వచ్చింది.

ఇంటర్వ్యూకు పిలిచిన మేనేజర్ పేరు మిసెస్ బండా. ఆమె పుట్టి పెరిగింది లుసాకాలోనే. ఆ సంగతి ఆమె నవ్వుతూ చెబుతుంటే మల్లికార్జున్‌కు, బయట మైనస్ పదిహేనున్నా, వీపు మీద చెమట కారింది.

"అక్కడ మీరు ఎలా అమ్మేవారు?" అని అడిగిందామె.

బట్టీ పట్టింది అప్పజెప్పాడు. సూపర్ మార్కెట్లు, పెద్ద బోర్డులు, టీవీ ప్రకటనలు. ఆమె మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా చల్లారింది.

"మా పేటల్లో ఏ పూట కూలి ఆ పూటకే. లీటరు సీసా ఎవరు కొంటారు? మా అమ్మ నూనెను చిన్న చిన్న కవర్లలో కట్టి అమ్మేది" అంటూ ఒక పల్చటి కవరు తీసి, శాంపిల్ సీసాలోంచి కాస్త నూనె పోసి, మూతి ముడివేయబోయింది. నూనె వేళ్ల మీదికి కారింది. "చూశారా, అమ్మ చేతి ఒడుపు నాకు రాలేదు."

మల్లికార్జున్ చేతులు ఊరుకోలేదు. కవరు అందుకుని, మూతి మెలిపెట్టి, చూపుడువేలికి చుట్టి లాగాడు. కనురెప్ప వేసేలోపు ముడి పడింది. చుక్క కారలేదు.

ఆమె కళ్లు మెరిశాయి. "అలా చెప్పండి! ఇంకా?"

ఇక ఆగలేదతడు. నెల మొదట్లో సీసా కొన్న ఇల్లే మూడో వారానికి కవరుకు దిగుతుందన్నాడు. సబ్బును సగానికి కోసి అమ్మేవాళ్లుంటారు, కంపెనీయే సగం సబ్బు చేయాలన్నాడు. "అడిగింది లేనప్పుడు కొట్టామె ఏది చేతిలో పెడితే అదే బ్రాండు మేడమ్. ప్రకటన టీవీకి కాదు, ఆమెకు చెప్పాలి."

ఆమె పెన్ను పరుగెత్తింది. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా ఊరు జనగామలో మేడమ్. మా అమ్మ శాంతమ్మ కొట్లో. కెనడా ఫ్లైట్ ఎక్కే ముందు రోజు దాకా అక్కడే కూర్చున్నాను."

పెన్ను ఆగింది. ఆమె వేలు రెజ్యూమె మీద తేదీల దగ్గర నిలిచింది.

"మరి ఈ మూడేళ్లు లుసాకాలో ఉన్నది ఎవరు?"

కోతలు కోయడంలో బేస్‌మెంట్‌లో మల్లికార్జున్‌ను మించినవాడు లేడు. ఆ క్షణాన మాత్రం తాను కట్టిన నూనె కవరును ఆమె ముందుకు జరిపాడు.

"ఆ కొట్టు రాసి ఉంటే ఇవాళే తీసుకునేదాన్ని" అంది ఆమె మెల్లగా. "ఈ దొంగ లెటర్ చూశాక నేను తీసుకుందామన్నా కుదరదు."

"కొట్టు అబద్ధం కాదు మేడమ్."

"తెలుసు. ముడి చూశాను కదా."

ఆ కవరు ఆమె అతని చేతికే ఇచ్చింది. బయటికొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది. మంచులో నడిచి ఇల్లు చేరేసరికి ప్రజ్వల్ ఆమ్లెట్‌కు గుడ్లు కొట్టుకుంటున్నాడు.

"ఏమైందిరా?"

"ఆమెది లుసాకానే అంట."

"థూ, కిస్మత్! పోనీ, ఈసారి కెన్యాల నైరోబీ పెడదాం. నైరోబీ వాళ్లు ఈ ఊళ్లె ఉండరు."

"కొట్టు పెట్టరా."

"పిచ్చి లేసిందారా? లాప్‌టాప్ తీస్కరా."

ఆఫ్రికాకు సరుకు పంపే కంపెనీ ఆ ఊళ్లో ఇంకొకటి లేదని ఇద్దరికీ తెలుసు. మల్లికార్జున్ లాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. ప్రజ్వల్ 'నైరోబీ' అని కొట్టి, పెనంలోకి నూనె కావలసి, మల్లికార్జున్ తెచ్చి బల్ల మీద పెట్టిన కవరు అందుకున్నాడు. గోళ్లతో లాగాడు, పళ్లతో లాగాడు.

"ఎవడు కట్టిండ్రా దీన్ని? ఊడుతలేదు!"

మల్లికార్జున్ అప్పటికే మంచం కిందికి వంగి, సూట్‌కేసు బయటికి లాగుతున్నాడు.