రెండో వడ్డన

ఏళ్లుగా నేను మోస్తున్న బరువు మూడు చిన్న వాక్యాలు. పలకడానికి ఒక్క గుక్క చాలు. ఆకలి మీద పలికాను. ఆ తర్వాత ఏ ఇంట భోజనానికి కూర్చున్నా ముద్దకన్నా ముందు అవే గొంతులోకి వస్తాయి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. వరసగా చెబుతాను. వరస తప్పితే నన్ను నేను కాపాడుకునే మాటలు మధ్యలో దూరతాయని భయం.

మెకానికల్ డిప్లొమా చేశాను. విశాఖలో దొరికిన మొదటి పని పోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక తిరగడం మొదలుపెట్టాను. ఎచ్చెర్ల నుంచి కళింగపట్నం, అక్కణ్ణుంచి భావనపాడు, మళ్లీ వెనక్కి. కార్తీకం వచ్చింది. ఒక గుడి దగ్గర దండెం మీద ఆరుతున్న నల్ల పంచె తీసి కట్టుకున్నాను. మెడలో పూసల దండ వేసుకున్నాను. దీక్ష లేదు, నియమం లేదు. నల్లబట్ట కట్టినవాణ్ణి పేరెవరూ అడగరు, అన్నం అందరూ పెడతారు. అప్పట్లో అది తెలివి అనుకున్నాను.

కళింగపట్నం దగ్గర, సముద్రం మీద వేటే బతుకైన ఒక వీధిలో, నూకాలమ్మ నన్ను భిక్షకు పిలిచింది. ఆ పూట ఇంట్లోకి చేపను రానివ్వలేదు. ఇల్లు కడిగింది. తల మీంచి నీళ్లు పోసుకుంది. కొత్త కుండలో వండింది. అరిటాకులో అన్నం, గుమ్మడికాయ పులుసు. మొదటి వడ్డన ఎప్పుడైపోయిందో నాకే తెలియలేదు. ఆమె మళ్లీ గరిటెతో అన్నం తీసింది. ఆకు మీదికి తెచ్చింది. అక్కడ ఆపింది.

“సామీ, మా ఇంటాయన తెప్ప బోల్తా పడిపోనాది. కూడా ఎల్లినోళ్లు ఈదుకొచ్చీసేరు. ఈయన రానేదు. పీనుగూ దొరకనేదు. ఎల్లుండి గడ్డిబొమ్మ సేసి కాల్సీమంటన్నారు. కాల్సీమంటారా? ఆయన వస్తాడా?”

నేను గరిటె వంక చూశాను. ఆమె వంక కాదు. యాస దాచుకుని, స్వాములు మాట్లాడినట్టు మాట్లాడాను.

“బతికే ఉన్నాడు మాతా. దక్షిణాన ఒడ్డెక్కాడు. వస్తాడు.”

అన్నం ఆకులో పడింది. కడుపునిండా తిన్నాను. వెళ్లేటప్పుడు ఆమె నా కాళ్లకు మొక్కి, దారిలో తినమని అటుకులు మూటకట్టి ఇచ్చింది. ఆ అటుకులు కూడా తిన్నాను.

ఆ మధ్య వాక్యం ఎందుకన్నాను? వస్తాడు అంటే సరిపోయేది కదా. కానీ నేను చదువుకున్నవాణ్ణి. చలికాలం మన తీరంలో నీటి ప్రవాహం దక్షిణానికి లాగుతుందని ఎక్కడో చదివాను. వివరం ఉన్న మాటను మనుషులు తొందరగా నమ్ముతారనీ తెలుసు. ఉత్త అబద్ధమైతే కొన్నాళ్లకు చెదిరిపోయేదేమో. నేను దానికి ఒక దిక్కు చూపించాను. యముడి దిక్కు.

తర్వాత జరిగినవి నాకు ఆలస్యంగా తెలిశాయి. ఆమె గడ్డిబొమ్మ కాల్చనివ్వలేదు. గాజులు తియ్యనివ్వలేదు. వాళ్లలో మారుమనువు తప్పు కాదు. భావనపాడు నుంచి అన్న వచ్చి, ఇంటికి రా, మంచి మనిషిని చూశానన్నాడు. సామి చెప్పాడు, నేను రానంది. అన్న తిట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఆమె అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. పేరంటానికి పిలవరు. ఓదార్చడానికీ ఎవరూ రారు.

నాకు రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసే పని దొరికింది. నిలదొక్కుకున్నాక ఆ ఊరి దారిలోనే ఒక రేకుల పాక వేశాను. నడిచి పోయేవాళ్లకు నీడ, మంచినీళ్లు. దీక్షల కాలంలో మధ్యాహ్నం భోజనం. తిన్నవాళ్లు నన్ను పుణ్యాత్ముడంటారు. ఆ దారే ఎందుకు ఎంచుకున్నాను? ఆమెకు చెప్పడానికా? చెప్పకుండానే తీర్చేసుకోవడానికా? రెండోదే అనుకుంటాను.

మొదటి ఏడే ఆమె వచ్చింది. గడ్డం లేని నన్ను గుర్తుపట్టలేదు.

“సామిలకి నువ్వేటి వండుతావు బాబూ? ఉప్పేదో సోడా ఏదో తెలీనోడివి. జరుగు,” అని గరిటె లాక్కుంది.

అప్పట్నుంచి ఏటా వడ్డన ఆమెదే. ప్రతి ఆకు దగ్గరా అదే ప్రశ్న: మా ఇంటాయన వస్తాడా సామీ? అంతా స్వామి దయ అని చాలామంది తప్పుకునేవారు. ఒకాయన మాత్రం, పోయినవాళ్లు రారమ్మా అన్నాడు. ఆయనకు ఇంకాస్త పులుసు పోసి, నా దగ్గరకొచ్చి నవ్వింది.

“కన్నెసామి. ఇదే మొదటి మాల. ఆయనకేటి తెలుస్తాది?”

ఒక్కోసారి, పాదాల మీద చెప్పుల గుర్తు ఇంకా చెరగని కుర్రాడొకడు నల్లపంచెతో వచ్చి కూర్చుంటాడు. నాలాంటివాడేనని నాకు తెలిసిపోతుంది. వాణ్ణి ఏమీ అడగను. ఆమె అడిగినదానికి వాడేం చెబుతాడోనని పొయ్యి దగ్గర చెవి ఒగ్గి నిలబడతాను.

ఈ ఏడు చెప్పేశాను. భోజనాలైపోయాయి, ఇద్దరం గిన్నెలు తోముతున్నాం.

“అక్కా, ఆ సామి నేనే. ఆకలేసి అబద్దం సెప్పీసేను.”

“ఎండకి బుర్ర తిరిగిందేటి నీకు?” అని నవ్వింది.

రుజువులు చెప్పాను. నాకు వచ్చిన పద్ధతి అదే. కొత్త కుండ, గుమ్మడికాయ పులుసు, అటుకుల మూట. ఒక్కోటీ తోసేసింది.

“ఇయన్నీ నేను సెప్పినవే గదా బాబూ. ఊరందరికీ తెలుసు.”

నిజమే. ఆమె అందరికీ చెప్పుకుంది. ఎవరికీ చెప్పనిది ఒక్కటే ఉంది. దాన్ని నాలోనే ఉంచుకుని ఉండవచ్చు. ఉంచుకోలేదు.

“రెండో వడ్డనకి గరిటె ఆపీసేవక్కా. నేను ఆ మాట సెప్పేకే ఏసేవు.”

ఆమె చేతిలోని పీచు ఆగిపోయింది. కుళాయి నీళ్లు పోతూనే ఉన్నాయి. నా వైపు చూడకుండా అంది.

“ఆకలి మీదున్నోడి ముందు గరిటె ఆపీసేను. అయితే నేనే సెప్పించీసేనన్నమాట.”

కాదక్కా అన్నాను. మళ్లీ మళ్లీ అన్నాను. ఆమె తోమిన గిన్నెనే తిరిగి తోముతోంది.

మర్నాడు మామూలుగానే వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆకు ఖాళీ కాకముందే రెండో వడ్డన వేసేసింది. వద్దన్నవాళ్లకూ వేసింది. చేతులకు గాజులు ఉన్నాయి. వాటి గురించి అడిగే హక్కు నాకు లేదు.

చెబితే తేలికవుతుందంటారు. అయింది. నా మీంచి దిగినదంతా ఎవరి మీదికి ఎక్కిందో రోజూ మధ్యాహ్నం పాకలో చూస్తున్నాను. క్షమించమని ఆమెను అడగలేదు, మిమ్మల్నీ అడగను. ఒక్క సంగతి మాత్రం కనీసం మీ దగ్గరైనా సరిగ్గా ఉండాలి. గరిటె ఆగినప్పుడు, ‘తెలియదు’ అనే మాట కూడా నా నోట్లోనే ఉంది. అది చాలా చిన్న మాట. ఆ మూడు వాక్యాలూ నేనే అన్నాను. ఎవరూ చెప్పించలేదు.