తాగని చెంబెడు నీళ్లు

మొన్న మా రిటైరైన పంతుళ్ల సమావేశంలో, ప్రేమే మనిషితనం అన్న మాట మీద నాలుగు ముక్కలు చెప్పమని నన్ను నిలబెట్టారు. ఏళ్ల తరబడి బల్ల గుద్ది పాఠాలు చెప్పిన నోరు కదా, ఇట్టే చెప్పేస్తాననుకున్నాను గాని, లేచాక ఒక అవ్వ ఇచ్చిన నీళ్లు గుర్తొచ్చాయి. ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది మీకు చెబుతున్నాను, మీరంతా నా ఈడువాళ్లే కాబట్టి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను మర్రిగూడ దిక్కు ఒక ఊరి బడికి వేశారు. అక్కడి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి మన జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా? ఆ నీళ్లు తాగి నడుములు వంగి, కాళ్లు వంకర్లు పోయి, నలభై ఏళ్లకే ముసలివాళ్లైన మనుషులను చూసి నాకు జాలికన్నా ముందు భయం పుట్టింది. రోజూ నల్లగొండ నుంచి సీసాలో నీళ్లు మోసుకెళ్లేవాణ్ణి. ఎవరి జాగ్రత్త వాళ్లది, అందులో తప్పేముందని నా బుద్ధి ఇప్పటికీ వాదిస్తూనే ఉంటుంది.

ఏడో తరగతి పిల్ల ఒకతి వారం రోజులు బడికి రాకపోతే, ఒక ఎండపూట గొడుగు వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. తల్లిదండ్రులు పట్నం కూలికి పోతే పిల్ల అవ్వ దగ్గర ఉండేది. నేలను చూస్తూ నడిచేటంతగా వంగిపోయిన ఆ అవ్వ గోడ పట్టుకుని లోపలికి పోయి, గోడ పట్టుకునే చెంబెడు నీళ్లు తెచ్చింది. సగం నీళ్లు దారిలోనే ఒలికాయి. మాది నేత పనివాళ్ల ఇల్లు. ఎవరు గడప తొక్కినా మా అమ్మ చుడుతున్న నూలు కండె అట్లాగే వదిలేసి ముందు నీళ్లిచ్చేది, వాళ్లు తాగకుండా వెళితే ఆ పూట ఆమె మనసు మనసులో ఉండేది కాదు. అన్నీ తెలిసిన నేను, "ఇప్పుడే తాగిన అవ్వా, దూప లేదు" అన్నాను. అప్పటికే నా నాలుక పిడచకట్టుకుపోతోంది.

పిల్లను పంపమని చెప్పి బయటపడి, సందు మలుపులో ఒక గోడ నీడన కూలబడి సంచిలోని సీసా ఖాళీ చేశాను. మూత పెడుతూ తలెత్తితే ఎదురుగా ఆ అవ్వే, నేను మరిచిపోయిన గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. "మంచిగ జేసినవ్ సారూ, గా నీళ్లే తాగు. నీకేమన్న అయితే మా పిల్లలకు సదువెవలు జెప్తరు?" అని గొడుగు చేతికిచ్చి వెనుదిరిగింది. ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. దొరికితే కాస్త తేలికపడేవాణ్ణి.

మర్నాడు బడికొచ్చిన పిల్ల మాటల మధ్యలో అసలు సంగతి చెప్పింది. వాటర్ ప్లాంటు నుంచి సైకిల్ మీద తెచ్చే డబ్బా నీళ్లు అవ్వ ఆ పిల్ల ఒక్కదానికే ఉంచుతుందట. తన నడుం బొక్కలు ఎట్లాగూ వంగిపోయాయి కదా అని తాను మాత్రం బోరు నీళ్లే తాగుతుందట. నిన్న నాకు తెచ్చిన చెంబు మాత్రం ఆ డబ్బాలో ముంచిందేనట. నేను విషమనుకున్నవి ఆ ఇంట్లోకెల్లా మంచి నీళ్లు. ఆ తర్వాత రెండేళ్లు ఆ ఊళ్లోనే పనిచేసినా ఆ సందు మొహం చూడలేదు. దానికి సిగ్గని పేరు పెట్టుకున్నాను గాని, అది కూడా నా పరువు మీద నాకున్న ప్రేమే.

ఇంటింటికీ నది నీళ్ల నల్లా వచ్చాక, కొలువు దిగే ముందు ఒక్కసారి వెళ్లాను. గొంతు గుర్తుపట్టి, అవ్వ మళ్లీ గోడ పట్టుకుని చెంబు తెచ్చింది. "ఇగ బయపడకు సారూ, నల్లా నీళ్లే. ఇప్పుడు అందరం ఇవే తాగుతున్నం." చుక్క మిగల్చకుండా తాగాను. ఆ రోజు ఇచ్చినవీ మంచి నీళ్లేనని ఆమె అనలేదు. ఆ సంగతి నాకు తెలుసని నేనూ అనలేకపోయాను.

ఇప్పుడా ఊళ్లో పిల్లలు నల్లా కింద దోసిలి పట్టి తాగుతుంటే ఎవరూ కసరడం లేదు. వాళ్ల కాళ్లు చక్కగా ఉన్నాయి. మన కళ్లముందే ఇంత మారినందుకు సంతోషమే. ఆమె మొదటిసారి తెచ్చిన చెంబెడు నీళ్లను మాత్రం నేనిక ఎప్పటికీ తాగలేను.