ఖాళీగా అచ్చయిన గడి

మా ఆయన సాయంత్రం పూట వెలువడే ఒక పత్రికలో ప్రూఫులు దిద్దేవారు. ఒకరు అసలు కాగితాన్ని పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చు నకలు చూస్తూ తప్పులు పట్టాలి. ఆదివారం అనుబంధం ప్రూఫులు ఇంటికి తెచ్చుకునేవారు. చదివే మనిషిని నేను. ఐదో తరగతితో బడి మానేసిన నాకు తడుముకోకుండా చదవడం వచ్చింది అలా వంటింటి గడప మీద కూర్చుని చదివి చదివే. కామా, ఫుల్‌స్టాపు కూడా నోటితో చెప్పాలి. ప్రతి వాక్యానికీ ఆయన "ఊఁ" అనేవరకూ ఆగాలి.

అదే అలవాటై మా అక్క ఉత్తరాలు కూడా అలాగే చదివేదాన్ని. "చెల్లికి కామా ఇక్కడ అందరం క్షేమం ఫుల్‌స్టాపు."

"మీ అక్క కామాలు కూడా పెడుతుందేంటోయ్!"

"పెట్టదు. నేనే పెట్టి చదువుతున్నా."

"అయితే జీతం లేని సబెడిటరువన్నమాట" అని నవ్వేవారు.

అమ్మాయి ఇంకా పుట్టని రోజులు. పత్రికల మీద ఆంక్షలు వచ్చాయి. అచ్చుకు ముందు ప్రతి పేజీ ఒక అధికారి చూడాలి. ఒకరోజు మిల్లు గేటు దగ్గర కాల్పుల వార్తను కొట్టేశాడా అధికారి. ఆ జాగాలో తలనూనె ప్రకటన వేసేద్దామన్నారు ఎడిటరు. "తీసేస్తే తీసేశారు. తీసేసినట్టయినా జనానికి తెలియనివ్వండి" అని మా ఆయన పట్టుబట్టారట. మొదటి పేజీలో గడి ఖాళీగానే అచ్చయింది. వారం తిరక్కుండా ఆయన్ని చిన్న ప్రకటనలు దిద్దే బల్లకు మార్చేశారు. రిటైరయ్యేదాకా అక్కడే. ఆ పత్రిక మాత్రం నా చీరల అడుగున ఉండిపోయింది.

ఆయన పోయి ఏడు నెలలు. ఇప్పుడు ఆయన బల్ల మీదే అమ్మాయి కంప్యూటరు పెట్టుకుంది. ఫోనులో వార్తలు చూపించే కంపెనీలో ఉద్యోగం. ప్రభుత్వం నుంచి ఏ వార్త మీద ఆదేశం వస్తే ఆ వార్త మాయమయ్యేలా ప్రోగ్రాము రాయమన్నారు. శుక్రవారానికల్లా చేసి చూపిస్తే టీముకు పెద్దను చేస్తామన్నారు.

"మరి ఆ జాగా?" అన్నాను.

"కింది వార్త పైకి జరుగుతుందమ్మా. అతుకు కనపడదు. అదే మా పనితనం."

"తీసేశారని ఎవరికీ తెలియదా?"

"అచ్చం నాన్నలా మొదలుపెట్టకు. రాజకీయాలు నాకెందుకు? చెప్పింది రాసేదాన్ని."

నాకు మాత్రం రాజకీయాలు ఏం తెలుసు! అప్పట్లో వార్తలు కొట్టించినవాళ్ళు ఇప్పుడు టీవీలో స్వేచ్ఛ స్వేచ్ఛ అని గొంతు చించుకుంటున్నారు. అప్పుడు స్వేచ్ఛ కోసం జైలుకెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఆదేశాలు పంపుతున్నారు. మా ఆయనైతే ఇద్దరినీ ఒకే ఎర్ర సిరాతో దిద్దేవారు.

ఆ పాత పత్రిక తెచ్చి బల్ల మీద పరిచాను.

అమ్మాయి చాలాసేపు చూసింది. "నాన్నకి చదివినట్టు చదవవా?" అంది. కామాలతో సహా చదువుకుంటూ వచ్చి, ఖాళీ గడి దగ్గర ఆగిపోయాను. చదవడానికి ఏముందని? ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

శుక్రవారం అమ్మాయి ఆఫీసులో తన పని చూపించింది. వార్త పోయిన చోట బూడిదరంగు గడి ఉంది. అందులో "ఇక్కడ ఒక వార్త ఉండేది. ఆదేశం వల్ల తీసేశాం" అన్న మాటలున్నాయి. గడి తీసెయ్యమన్నారట. తను తియ్యనందట. సోమవారానికి ఆ పని పక్క సీటువాడికి వెళ్ళింది, పెద్ద పదవితో సహా.

"ఉద్యోగమైనా ఉందా?" అన్నాను, స్టవ్వు ఆర్పి.

"ఉంది. ప్రకటనల విభాగానికి మార్చారు."

నవ్వాపుకోలేకపోయాను. ఏడు నెలల తర్వాత అదే మొదటిసారి. ముందు ఉడుక్కుంది గానీ, తర్వాత తనూ నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "నాన్న ప్రకటనలు ఎలా ఉండేవమ్మా?" అని అడిగింది.

గడప మీద కూర్చున్నాను. "అద్దెకు రెండు గదులు కామా గాలి కామా వెలుతురు గలవు ఫుల్‌స్టాపు."

అలవాటు కొద్దీ ఆగాను.

అమ్మాయి నా పక్కన కూర్చుని, "ఊఁ" అంది.