గోడలో నలభై ఓములు

మా ఆయన కరెంటు పని చేస్తాడు. అందరూ మీటరు మేస్త్రీ అంటారు, నేను మాత్రం అనుమానప్పక్షి అంటాను. ఇస్త్రీపెట్టె మీద ఎన్ని వాట్లని అచ్చుగుద్ది ఉన్నా నమ్మడు. వోల్టులు కొలిచి, ఆంపియర్లు కొలిచి, రెండూ గుణించి చూసుకున్నాకే వదులుతాడు. పెళ్లైన కొత్తలో నేనిచ్చిన టీ కూడా వాసన చూసి తాగేవాడు.

ఈసారి ఆ అనుమానం ఇంటివాళ్ల మీదే పడింది. మా ఆడపడుచు ఇంట్లో కోడిగుడ్లు పొదిగించే పెట్టె ఉంది. వరసగా రెండు విడతలు గుడ్లన్నీ పాడైపోయాయి. వేడి చాలడం లేదు. అంతకుముందే హీటరు తీగ కాలిపోతే, ఆమె మొగుడు కొత్తది తెచ్చి బిగించాడు. ఆయన టైలరు, మాటకారి. మా ఆయనకి మొదటినుంచీ గిట్టడు. మూడో విడత పెట్టి రెండు రోజులైనా వేడి ఎక్కకపోయేసరికి, ఆమె మొగుడితో మాటలు మానేసి మాకు కబురు పెట్టింది.

ఆపితే గుడ్లు చల్లారతాయని, పెట్టె నడుస్తుండగానే కొలిచాడు మా ఆయన. ఒకటిన్నర ఆంపియర్లు. రెండొందల నలభై వోల్టుల్ని దాంతో భాగించాడు.

“నూటఅరవై ఓములు! నూటఇరవై ఉండాల్సిన తీగ ఇది. రెండు ఆంపియర్లు లాగి నాలుగొందల ఎనభై వాట్లివ్వాలి. ఏ నాసిరకం బిగించావు బావా?”

“నూటఇరవై అని రాసున్నదే తెచ్చాను. ఒట్టు!”

“రెండుసార్లూ నా ఉసురు పోసుకుంది నువ్వేనన్నమాట. అన్నయ్యా, నేను నీతోపాటు వచ్చేస్తా” అంటూ మా ఆడపడుచు లోపలికెళ్లి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

టైలరన్నయ్య మొహం చూస్తే నాకు జాలేసింది. ఎందుకో తేడా కొట్టింది కూడా.

“ఏమండీ, ఆ రెండొందల నలభై ఎక్కడ కొలిచారు?”

“గుమ్మం దగ్గర మెయిన్ బోర్డులో.”

“పెట్టె దగ్గర కొలవలేదేం?”

“అక్కణ్ణించి ఇక్కడికి వైరు లాగింది నేనేగా!”

ఊరందరి ఇళ్లలో ప్లగ్గు దగ్గరే కొలిచే మనిషి! టైలరన్నయ్య మీటరు తీసి ఆయన చేతిలో పెట్టాడు. పెట్టె దగ్గర నూటఎనభై వోల్టులే ఉన్నాయి. ఒకటిన్నరతో భాగిస్తే నూటఇరవై ఓములు. తీగ సరైనదే. గుణిస్తే మాత్రం రెండొందల డెబ్భై వాట్లు. ఆ కాస్త వేడికి గుడ్లు పిల్లలెలా అవుతాయి?

మిగతా అరవై వోల్టులు ఏమైనట్టు? మా ఆయన గోడ వెంట అరచేయి పెట్టి నడిచాడు. ఒకచోట చుర్రుమని చటుక్కున లాక్కున్నాడు. మెయిన్ ఆపి అక్కడ గోడ పగలగొడితే, ఆరేళ్ల కిందట తను మెలేసిన అతుకు నల్లగా మాడి ఉంది. మిగతా నలభై ఓములూ ఆ అతుకువే. తొంభై వాట్లు గోడలోనే కాలుతున్నాయి. ఆ గోడకి అవతలే వాళ్ల మంచం.

మా ఆడపడుచు చీరల మూట కింద పెట్టేసి మొగుడి పక్కన కూలబడింది. టైలరన్నయ్య పగిలిన పెళ్లలు ఏరి గంపలో వేస్తున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

కొత్త వైరు లాగి, పెట్టె నడిపించి, మా ఆయన మీటరు టైలరన్నయ్యకిచ్చాడు.

“నువ్వు కొలువు బావా. నేను చెబితే నమ్మకు.”