లేసు ఆర్డరు, మా ఇంటి మెయిల్ సర్వరు

మా ఆవిడ లేసు వ్యాపారానికి సొంత మెయిల్ సర్వరు ఉండాలని పట్టుబట్టింది నేనే. నర్సాపురంలో మా ఇంటి మెట్ల కింద పాత కంప్యూటరొకటి పెట్టి, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ రూటరుకి తగిలించి, అన్నీ నా చేతులతోనే అమర్చుకున్నాను. "అందరూ వాడేదే వాడుకుంటే సరిపోయేది కదండీ" అంది ఆవిడ. నేను వినలేదు.

ఆ వానాకాలం ఒక విదేశీ వ్యాపారికి ఆవిడ టేబుల్ క్లాతుల నమూనాలు పంపింది. ఆయన సరేనంటే మొగల్తూరు చుట్టుపక్కల ఇళ్ళలో లేసు అల్లే ఆడవాళ్ళకి ఆ కాలమంతా పని. నమూనాలు చేరాయని కొరియరు వాళ్ళు చెప్పారు. రోజులు గడుస్తున్నా ఆయన దగ్గర్నుంచి జవాబు లేదు.

"ఏవండీ, మన మెయిలు పనిచేస్తోందా?"

నా ఫోన్లోంచి ఆవిడకొక మెయిలు పంపాను. వెంటనే ఆవిడ ఫోను మోగింది. "చూశావా, బ్రహ్మాండంగా ఉంది. ఆయనే రాయలేదు."

"ఇంకోసారి అడగనా?"

"వద్దు. వెంటపడితే చులకనైపోతాం."

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. వ్యాపార మర్యాద కోసం కాదు, నా సర్వరులో లోపం ఉండొచ్చన్న ఆలోచనే నాకు గిట్టక అన్నాను.

మొగల్తూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అమ్మగారూ, పని ఉన్నట్టా లేనట్టా? లేదంటే చెప్పండి, రొయ్యల షెడ్డుకి పోతాం. మళ్ళీ మీరు పిలిచినా రాలేమండీ." ఆవిడ ముఖం చూడలేక నేను బ్రాడ్‌బ్యాండ్ అతనికి ఫోన్ చేసి అరిచాను.

"లైను బాగానే ఉందండి. లోపల ఓసారి చూసుకోండి" అన్నాడతను.

"నాకు చెప్పకు" అని పెట్టేశాను.

మా ఆవిడ అంతా వింది. "ఆ రోజు మీరు నాకు పంపిన మెయిలు ఎక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళిందండీ?"

"నా అకౌంటు నుంచి నీ అకౌంటుకి."

"రెండూ ఆ మెట్ల కింద డబ్బాలోవే కదా! ఇంట్లో కూర్చున్న మనిషినే వీధి గేటు తీసుందా అని అడిగితే ఏం తెలుస్తుంది? ఉండండి, పాలకొల్లులో మా చెల్లిని పంపమంటాను."

కాసేపటికి మరదలే ఫోన్ చేసింది. "బావగారూ, మెయిలు పంపి, కాఫీ తాగి, గ్లాసు కూడా కడిగేశాను. మీ సర్వరు ఇంకా లేవలేదా?"

రాలేదు. అప్పుడు రూటరు సెట్టింగులు తెరిచాను. ఇంట్లో ప్రతి యంత్రానికీ రూటరు ఒక నంబరిస్తుంది. బయటి మెయిళ్ళు సర్వరు నంబరుకి వెళ్ళాలని నేనే రాసిపెట్టాను. ఆ నంబరు మారకుండా కట్టేయడం మాత్రం తర్వాత చూద్దామని వదిలేశాను. నమూనాలు పంపాక వచ్చిన గాలివానకి కరెంటు పోయి వచ్చినప్పుడు నంబర్లు తారుమారయ్యాయి. సర్వరు పాత నంబరు ఇప్పుడు హాల్లో స్మార్ట్ టీవీది! ఆవిడ వ్యాపారానికొచ్చిన మెయిళ్ళన్నీ మా టీవీ దాకా వెళ్ళి, పలికేవాళ్ళు లేక వెనుదిరుగుతున్నాయి.

పాత నంబరు సర్వరుకే ఇచ్చి, ఈసారి కట్టేశాను. మరదల్ని మళ్ళీ పంపమన్నాను. మెయిలొచ్చింది! ఇంట్లో గట్టిగా కేకేశాను. పంపేవాళ్ళ సర్వర్లు అంత త్వరగా ఆశ వదులుకోవు, కొన్ని రోజులు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాయి. అందుకని ఆగిపోయినవి ఒక్కొక్కటే దిగడం మొదలెట్టాయి. వాటిలో ఆ వ్యాపారివి రెండు. నమూనాలు నచ్చాయి, మొదలుపెట్టమని ఒకటి. జవాబు లేదేం, రేపటిలోగా చెప్పకపోతే వేరేవాళ్ళకిస్తామని ఆ ఉదయమే రాసింది రెండోది.

ఆవిడ నిలబడే జవాబు రాసింది. ఆ పూటే ఆయన ఖాయం చేశాడు.

"ఇంతకీ తప్పెవరిదండీ?"

కరెంటుదని అనబోయాను. "నాదే" అన్నాను. "నీ మాట విననిదీ, రెండోసారి రాయనివ్వనిదీ కూడా నేనే."

"అది నాకు తెలుసులెండి. ముందు ఆ నెట్ అతనికి చెప్పండి" అంటూ మొగల్తూరుకి ఫోన్ కలిపింది. నేను అవతలి గదిలోకి వెళ్ళి అతనికి క్షమాపణ చెబుతుంటే, హాల్లోంచి స్పీకరులో ఆడవాళ్ళ గోల వినిపించింది.

"ఆ క్లాతులన్నీ మనకేనా అమ్మగారూ?"

"అన్నీ మనకే. దారం తీసుకుని ఇప్పుడే బయల్దేరుతున్నాం!"