శుభమస్తు అని మొదలైన విడాకుల కాగితం

“మీరు ఏ కేసులు చూస్తారండీ?” అని ఎవరైనా అడిగితే టకటకా చెప్పేదాన్ని. విడాకులు, మనోవర్తి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలనే తగాదాలు, చెల్లని పెళ్ళిళ్ళు. నాలుగోదాని దగ్గరకొచ్చేసరికి నా గొంతు కాస్త లేచేది. కులపెద్దలు రాయించిన కాగితాల్ని నాలాగా చీల్చి చెండాడే లాయరు విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో ఇంకొకరు లేరని పేరు. పేరేమిటి నా మొహం, పొగరు.

మా జాలరి రేవుల్లో మొగుడూ పెళ్ళాం విడిపోవాలంటే కోర్టుకెళ్ళేవారు కాదు. పెద్దలు కూర్చుని ఇద్దరి మాటా వినేవారు. ఒక కాగితం రాయించి అందరి చేతా వేలిముద్రలు వేయించేవారు. ఆ తర్వాత ఎవరి పెళ్ళి వాళ్ళు చేసుకోవచ్చు. ఆచారం ఉందని, ఆ కాగితం నిజమని రుజువు చేస్తే చట్టమూ ఒప్పుకుంటుంది. ఆ రుజువు చెయ్యలేకే పాపం చాలామంది నా చేతికి చిక్కేవారు.

నేనూ అలాంటి రేవులోనే పుట్టాను. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. మా వీధిలో తొమ్మిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. రేషన్ కార్డు అర్జీలు, ఉత్తరాలు, పెళ్ళి పిలుపులు అన్నీ నా చేతే రాయించేవారు. లా పాసైన రోజున మావాళ్ళు “ఓలమ్మో, మన గుంట లాయరైపోనాది!” అని వీధంతా తిరిగి చెప్పారు.

రెండేళ్ళ కిందట ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపే ఒకాయన నా దగ్గరకొచ్చాడు. యాభై దాటిన మనిషి.

“నా పెళ్ళి సెల్లదని కోర్టు సేత సెప్పించాల మేడం. మా ఇంటిదానికి ముందే ఒక మొగుడున్నాడు. కోర్టు విడాకుల్లేవు, పెద్దలిచ్చిన కాయితమే” అన్నాడు.

పాతికేళ్ళు కాపురం చేశాక ఇప్పుడు గుర్తొచ్చిందా అని అడగాల్సింది. అడగలేదు, సిగ్గులేనిదాన్ని. మసగ్గా ఉన్న జిరాక్స్ లాక్కుని చూశాను. మా రేవు కాగితమే! కింద “వ్రాసినవారు” అన్న చోట మా కులపెద్ద పేరుంది. ఆయన నాకు తాత వరస. పక్కనే ఆయన వేలిముద్ర. నాకు నవ్వాగలేదు. ఆ తాతకి అక్షరం ముక్క రాదు, బస్సు బోర్డు కూడా నా చేతే చదివించుకునేవాడు. రాసినవాడే వేలిముద్ర వేస్తాడా? దొంగ కాగితం చేయించినవాళ్ళకి ఆ మాత్రం తెలివి కూడా లేదనుకున్నాను. తాత పోయాడు, సాక్షులుగా ఉన్న మిగతా పెద్దలూ పోయారు. “గెలిచినట్టే” అని ఆయనకి అక్కడికక్కడే చెప్పేశాను.

ఆయన భార్య బోనెక్కిన రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చేసిన నేత చీర. మొదటి పెళ్ళితో మా రేవుకి కోడలిగా వచ్చి ఏడాది కూడా ఉండలేదట. నేను గుర్తుపట్టలేదు.

“కాగితం రాసినట్టుగా ఉన్న పెద్దాయనకి చదువొచ్చా?” అని అడిగాను.

“రాదండి.”

“మరి ఎవరు రాశారు?”

ఆవిడ నా వంక చూసింది. చాలాసేపు చూసింది. “సెప్పనండి” అంది.

“తెలియదా, చెప్పరా?”

“తెల్సండి. సెప్పను.”

జడ్జిగారు అడిగినా తల అడ్డంగానే ఊపింది. ఆవిడ లాయరు నెత్తి కొట్టుకున్నాడు. ఇక నన్ను పట్టేదెవరు! “ఎవరూ రాయలేదు కాబట్టే చెప్పలేకపోతున్నారు. మీ మొదటి పెళ్ళి రద్దు కాలేదు. మీరు నా క్లయింటుకి భార్య కారు, ఆయన ఉంచుకున్న మనిషి” అన్నాను. ఆ మాట ఈ నోటితోనే అన్నాను. జడ్జిగారు నన్ను గట్టిగా మందలించారు.

ఆవిడ ఏడవలేదు. జడ్జిగారి వైపు తిరిగి, “పాతికేళ్ళు కాపురం సేసేను బాబూ. రేపు నా కూతురి పెళ్ళిలో నాను పీటల మీద కూకోవాల. ఏ పేరు మీద కూకోమంటారు?” అంది.

నాకు చీమ కుట్టినట్టైనా లేదు. అసలు కాగితం చూపించి, దాని మీది వేలిముద్ర తనదేనా అని ఆవిడని అడగమన్నారు జడ్జిగారు. గుమాస్తా దాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ముందు నా చేతికిచ్చాడు. పైభాగం మడతపడి ఉంది. జిరాక్స్‌లో ఆ మడత కింది ముక్క రాలేదు. విప్పాను.

శుభమస్తు, అని ఉంది. అటొక పువ్వు, ఇటొక పువ్వు.

ఆ పువ్వులు నావి. ఆ తలకట్లు నావి. విడాకుల కాగితం ఎలా రాయాలో తెలియక, తెలిసిన శుభలేఖ పద్ధతిలోనే మొదలుపెట్టిన తొమ్మిదో తరగతి పిల్లని నేను! చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ చదువు రాదు కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. చివర నా పేరు రాయబోతుంటే అమ్మ పరుగున వచ్చి నా చెయ్యి పట్టేసుకుంది. పెళ్ళికాని పిల్ల పేరు తెగతెంపుల కాగితం మీద పడితే ఆ పిల్లకి పెళ్ళవదని మావాళ్ళ నమ్మకం. “తాత పేరు రాసీ. ఎవులడిగినా నువ్వు రాయనేదు, తెల్సిందా?” అంది. నేను రాయలేదు, నేను రాయలేదు అనుకుంటూ చివరికి నిజంగానే మర్చిపోయాను.

ఆ రోజు కోర్టులో ఒంట్లో బాలేదని వాయిదా అడిగి బయటపడ్డాను. మర్నాడే వకాలతు వదులుకుని, కారణం ఇదీ అని కోర్టుకి రాసిచ్చాను.

నా క్లయింటు చాంబర్‌కొచ్చి మండిపడ్డాడు. “ఏటి మేడం, గెలిసీ కేసు వొగ్గేస్తారా? మీరు నోరు మూసుకునుంటే ఎవులికి తెలిసీది?”

“నాకు తెలుసు కదయ్యా! నా చేత్తో నేను రాసిన కాగితం దొంగదని ఏ నోటితో వాదించమంటావు?” అని అరిచాను. అంతకు ముందు ఏ క్లయింటు మీదా అలా అరవలేదు.

ఆవిడ లాయరు నాకు సమన్లు పంపించాడు. ఇన్నేళ్ళూ ఎంతమందినో నిలబెట్టిన బోనులో నేను నిలబడ్డాను. నా పాత క్లయింటు పెట్టుకున్న కొత్త లాయరు సరిగ్గా నా ప్రశ్నే వేశాడు, మీరు రాస్తే మీ పేరెందుకు లేదని. కారణం చెప్పాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత తెల్లకాగితం ఇచ్చి రాయమంటే శుభమస్తు అని రాసి, పువ్వులు కూడా వేసి చూపించాను. మా రేవు ముసలమ్మ ఒకావిడ వచ్చి ఆచారం గురించి చెప్పింది. కొన్నాళ్ళకి తీర్పొచ్చింది. కాగితం నిజమే, ఆవిడ భార్యే.

తీర్పు రోజు వరండాలో ఆవిడ దగ్గరకెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను. ఆ చేతుల్లో పెట్టడానికి నా దగ్గర క్షమాపణ తప్ప ఏమీ లేదు. అది చెప్పుకున్నాక అడిగాను. “ఆ రోజు నన్ను గుర్తుపట్టారు కదా?”

“మొదటి వాయిదాకే పట్టీసేనమ్మా. అచ్చం మీ యమ్మ మొకమే.”

“మరి నా పేరెందుకు చెప్పలేదు? నేను అన్నన్ని మాటలంటుంటే ఎలా ఊరుకున్నారు? కేసు పోయేది కదా!”

“ఆ కాయితం రాసిన పొద్దు మీ యమ్మ నా సేత ఒట్టేయించుకుంది. మా గుంటకి పెళ్ళయ్యీదాకా దాని పేరు బయటెట్టకు అంది” అని ఆవిడ కాస్త ఇబ్బందిగా నా మెడ వైపు చూసింది. “మీ గుమాస్తానడిగేను. ఇంకా అవనేదన్నాడు. మరెలా సెప్తానమ్మా?”