మా ఆవిడ వేళ్ల వాపు, నా నోటి దురద

మా ఇంట్లో ఫోనుకి తాళం పడింది తెలుసా! తాళంచెవి మా ఆవిడ వసుంధర మంగళసూత్రానికి పిన్నీసుతో వేలాడుతోంది. బిల్లు ఎక్కువొచ్చిందేమో అనుకునేరు, కాదు! అదంతా నా నోటి చలవ.

మొన్నీమధ్య వసుంధర వేళ్లు వాచిపోయాయండీ. పొద్దున్నే పిడికిలి ముడవలేకపోయేది. తనేమో ఆఫీసులో టైపిస్టు. పై సోమవారం ప్రమోషన్‌కి టైపు టెస్టు, ఏళ్ల తరబడి ఎదురుచూసిన టెస్టు!

డాక్టరమ్మ గారు చూసి కీళ్లవాతం, రుమటాయిడ్ రకం అన్నారు. "ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలుంటాయి కదండీ, దెబ్బ తగిలిందని కబురందితే అక్కడికి పరిగెడతాయి. ఈ జబ్బులో దెబ్బా లేదు, క్రిమీ లేదు. అయినా కబురెళ్తుంది! రక్తనాళాల గోడల్లోంచి దూరి కీళ్లలో చేరతాయి. చేరి ఊరుకుంటాయా? ఇంకొన్నిటిని పిలుస్తాయి. అదే ఈ వాపు. మందులిస్తాను, ఈ వారం చేతులకి పని చెప్పకండి. ఇంటిపని మీ ఆయన చూస్తారు."

"అంతకంటేనా!" అన్నాను.

కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు కదా! ఇంటికి రాగానే హనుమాన్ జంక్షన్‌లో మా మేనత్తకి ఫోన్ చేశా. "ఏం లేదత్తయ్యా, వసుంధరకి వేళ్లు కాస్త వాచాయి. ఎవరికీ చెప్పకు" అన్నా. ఎవరికీ చెప్పకంటే మా అత్తయ్యకి దండోరా వెయ్యమన్నట్టే.

తెల్లారేసరికి అత్తయ్య దిగిపోయింది. "అయ్యో, పిల్లకి చేతులు పడిపోయాయటగా!" మధ్యాహ్నానికి మైలవరం నుంచి బాబాయి, మామిడికాయల బుట్టా, వాపులకి కాపడం పెట్టే వావిలాకు మోపుతో సహా. బాబాయి వచ్చాక పిన్నిని పిలవకపోతే ఏం బావుంటుందని అత్తయ్య మళ్లీ నా ఫోనే ఎత్తింది. పటమటలో మాది రెండు గదుల వాటా. కాలు పెట్టే చోటు లేదు!

వచ్చినవాళ్లంతా "ఇక్కడేనా అమ్మా నొప్పి?" అని అదే వేలు నొక్కడం. కాఫీ నేనే పెట్టా. బాబాయి ఓ గుక్క తాగి, "పాపం, ఇంట్లో ఆడదానికి బాగోకపోతే ఇంతే" అన్నాడు. వసుంధరకి పౌరుషం పొడుచుకొచ్చింది. లేచి గిన్నెలు దించడం, పిండి కలపడం, వద్దన్నా వినదే!

గురువారం సాయంత్రం చూద్దును కదా, బీరువా పక్కన నిలబడి ఏడుస్తోంది. "మణికట్లు కూడా వాచాయండీ. ఇంక టెస్టేం రాస్తాను?" నా ప్రాణం ఉసూరుమంది.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి. అంతా విని, "వీళ్లందరికీ కబురు పంపిందెవరండీ?" అన్నారు. బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తా. "ఆ కణాలకి నేను మందిస్తాను. ఈ చుట్టాలకి మీరే ఇచ్చుకోవాలి."

ఇంటికొచ్చి అందరికీ దణ్ణం పెట్టి బస్సెక్కించా. అత్తయ్య అలిగింది. అలగనీ! అన్నం మాడ్చినా, చారులో ఉప్పు మరిచినా వసుంధర పల్లెత్తు మాట అనకుండా తింది. మందులు పనిచేశాయి, వాపు తీసింది. సోమవారం వెళ్లి టెస్టు రాసొచ్చింది.

నిన్న రిజల్టు. పాసండీ! నాకు ఆనందం ఆగక ఫోన్ దగ్గరికి ఒక్క గంతు. "అత్తయ్యా!" అన్నానో లేదో, వసుంధర వెనకనుంచి నా మణికట్టు పట్టుకుంది. అబ్బ, ఏం పట్టండీ! వేళ్లన్నీ చక్కగా ముడుచుకుంటున్నాయి. ముందు కళ్లనీళ్లొచ్చాయి, తర్వాత భయమేసింది.

"రాంగ్ నంబరండీ" అని ఫోన్ పెట్టేసి, టక్కున తాళం వేసింది. "నా తెల్లకణాలు మందుకి లొంగాయి. మీరు లొంగరు" అంది.

ఈ తాళం సంగతి మాత్రం ఎక్కడా అనకండేం! మీకు తప్ప నేనెవరికీ చెప్పలేదు. పొద్దుట పాలావిడకీ, ఇస్త్రీ ఆయనకీ తప్ప.